గగనంలో గంట.. గమ్యానికి నాలుగు గంటలు!
ఓర్వకల్లు - గన్నవరం విమాన ప్రయాణంలో మిగిలే సమయం ఎంత?

కర్నూలు: 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా వెలుగొందిన కర్నూలు నుంచి నేడు అమరావతి చేరాలంటే నల్లమలను దాటాల్సిందే. రోడ్డు మార్గాన సుమారు 350 కిలోమీటర్లు, దాదాపు ఏడు గంటల ప్రయాణం. ఉమ్మడి రాష్ట్రంలో 210 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు తెల్లవారుజామున బస్సెక్కి, పని ముగించుకుని రాత్రికి ఇల్లు చేరిన జిల్లా వాసులకు, 2016లో సచివాలయం వెలగపూడికి తరలిన నాటి నుంచి ఈ దూరం భారమైంది. 2019 జనవరిలో హైకోర్టు కూడా అమరావతికి మారింది. ఈ పరిస్థితుల్లో 2025 జులై 2న ఓర్వకల్లు - గన్నవరం మధ్య విమాన సర్వీసు వారానికి మూడు రోజుల ప్రాతిపదికన ప్రారంభమైంది.

36 నిమిషాలు గంటెందుకైంది?

రెండు విమానాశ్రయాల మధ్య సరళరేఖలో దూరం దాదాపు 300 కిలోమీటర్లు. చిన్న మార్గాల్లో నడిచే ఏటీఆర్-72 విమానం గరిష్ఠంగా గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ లెక్కన 36 నిమిషాలు చాలాలి. అయితే పైకి ఎగసేటప్పుడు, కిందికి దిగేటప్పుడు ఆ వేగం ఉండదు. పైగా విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు, అవతల ఆగేవరకు పట్టే కాలమంతా వేళల పట్టికలో చేరుతుంది. అందుకే ప్రయాణ సమయం గంట దాటుతుంది. దూరం తగ్గేకొద్దీ వేగం వల్ల కలిగే లాభమూ తగ్గుతుంది.

నేలమీద లెక్క వేరు

కర్నూలు నుంచి ఓర్వకల్లుకు అరగంట. తనిఖీలకు గంట ముందే చేరాలి. గన్నవరంలో దిగి బయటపడేందుకు 20 నిమిషాలు. అక్కడి నుంచి వెలగపూడికి సుమారు 40 కిలోమీటర్లు, మరో గంట. మొత్తం నాలుగు గంటలు. అంటే కర్నూలు వాసికి మిగిలేది మూడు గంటలు.

ఆదోని వాసికి ప్రయాణం మరింత ఎక్కువ. కర్నూలు చేరడానికే వంద కిలోమీటర్లు ప్రయాణించాలి. నంద్యాల వారి పరిస్థితి మరీ విచిత్రం. విజయవాడ తూర్పున ఉంటే, విమానం కోసం యాభై కిలోమీటర్లకు పైగా పడమరకు రావాలి. గుంటూరు మీదుగా విజయవాడకు సుమారు 290 కిలోమీటర్ల రైలు మార్గం వారి ఊరి నుంచే ఉంది.

రోజులే కీలకం

వారానికి మూడు రోజులే విమానం ఉంటే, మిగతా రోజుల్లో కోర్టు వాయిదా పడినవారు బస్సునే నమ్ముకోవాలి. సాయంత్రం బయలుదేరితే కార్యాలయాలు మూసే వేళకు చేరుకుంటారు. ఆ రాత్రి అక్కడే బస, మరునాడు పని. తిరుగు విమానం లేకుంటే మళ్లీ రోడ్డే దిక్కు. మిగిలిన మూడు గంటలు లాడ్జి గదిలోనే కరిగిపోతాయి.

2016లో కేంద్రం ప్రకటించిన ఉడాన్ విధానంలో విమాన సంస్థల నష్టాన్ని పూడ్చే సాయం మూడేళ్లకే పరిమితం. ఆ తర్వాత ప్రయాణికులే సర్వీసును నిలబెట్టాలి. వేళలు అనుకూలించకపోతే ప్రయాణికులు రారు, ప్రయాణికులు లేరని సర్వీసులు తగ్గుతాయి. ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేలా ప్రతిరోజూ విమానం, దాని వేళలకు అనుగుణంగా ఆదోని, ఎమ్మిగనూరుల నుంచి ఓర్వకల్లుకు బస్సులు నడిపినప్పుడే రాజధాని జిల్లాకు నిజంగా చేరువవుతుంది.