జుజ్దాన్ పక్కన మరొక సంచి

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరదను కోనసీమ లంకల వారు అంత త్వరగా మరచిపోలేరు. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ రోజులలో గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న లంకలు నీట మునిగాయి. మా మదర్సాలో చదువుకునే ఒక బాలుని తల్లి, పడవ ఎక్కబోతూ వెనుదిరిగి ఇంట్లోకి వెళ్లి, గోడ మేకుకు తగిలించిన దివ్య ఖుర్ఆన్‌ను జుజ్దాన్‌తో సహా తలపై పెట్టుకుని నడుము లోతు నీటిలో బయటకు వచ్చింది. ఆ గ్రంథం ఎక్కడ ఉంటుందో చీకటిలో సైతం ఆమె చేతికి తెలుసు. వెతకవలసిన పని లేకపోయింది.

మంచం కిందనున్న రేకు పెట్టె మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇంటి పట్టా, నికాహ్‌నామా, పిల్లల జనన ధ్రువపత్రాలు, కువైట్‌లో ఉన్న భర్త పాస్‌పోర్టు నకళ్లు, బ్యాంకు పుస్తకాలు అన్నీ అందులోనే ఉన్నాయి. నీరు తీసిన తరువాత పెట్టె తెరిస్తే అవన్నీ ఒకే ముద్దగా అంటుకుని ఉన్నాయి. ఆ ముద్దను పళ్లెంలో పెట్టుకుని ఆమె మదర్సాకు వచ్చింది. "మౌల్వీ సాబ్, ఖుర్ఆన్‌ను కాపాడుకున్నాను, అల్హమ్దులిల్లాహ్. కాని ఈ కాగితాలు లేకుంటే నేను ఎవరినో, ఈ పిల్లలు ఎవరి పిల్లలో ఎలా రుజువు చేయాలి?" అని అడిగింది.

ఆ రోజు మేము చేయగలిగింది కొంచెమే. తడిసిన కాగితాలను బలవంతంగా విడదీయకుండా, ఎండలో పెట్టకుండా, నీడన పాత నూలు గుడ్డలపై పరచి, గాలి తగలనిచ్చి, ఆరుతున్న కొద్దీ ఒక్కొక్కటిగా విడదీశాము. సగం దక్కాయి. మిగిలిన వాటి నకళ్ల కోసం ఆమె మీసేవా కేంద్రానికి, రిజిస్ట్రారు కార్యాలయానికి, ఖాజీ గారి వద్దకు తిరిగింది. పోయిన రోజుకూలి ఎంతో ఆమెకే తెలియాలి.

ఆమె ప్రశ్న అప్పటి నుండి నన్ను వెంటాడుతూనే ఉంది. మన ఇళ్లలో కాగితాలు ఎక్కడ ఉంటాయో గమనించండి. పరుపు కింద కొన్ని, బియ్యం డబ్బా వెనుక కొన్ని, ఫ్రిజ్ మీద కరెంటు బిల్లులు, గోడ క్యాలెండరు మడతలో మందుల చీటీలు, బీరువాలో పాత పెళ్లి శుభలేఖల మధ్య రిజిస్ట్రేషను దస్తావేజు. కోనసీమ గాలిలో ఉప్పు ఉంది, నేలలో చెమ్మ ఉంది, గోడలలో చెదలు ఉన్నాయి. గుండుసూది గుచ్చిన కాగితం రెండు వర్షాకాలాలు దాటేసరికి తుప్పు మరకతో చిల్లు పడుతుంది.

ఇది కేవలం ఇంటి శుభ్రతకు సంబంధించిన విషయమని ఎవరైనా అనుకుంటే, వారు సూరా అల్ బఖరాలోని 282వ ఆయతును మరొకసారి చదువుకోవాలి. దివ్య ఖుర్ఆన్‌లోని అన్నింటికంటె పొడవైన ఆ ఆయతు వచ్చింది నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు. అప్పు పత్రం గురించి. గడువు ఉన్న అప్పును వ్రాసి పెట్టుకోవాలని, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, సాక్షులు ఉండాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందరాదని అందులో ఆదేశం ఉంది. విసుగు అనే మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మనిషి స్వభావం తెలిసిన సృష్టికర్త మాట అది. అయితే వ్రాసిన కాగితాన్ని అవసరమైన రోజున తీయలేకపోతే, వ్రాసి ఏమి ప్రయోజనం?

నా ఇంటి సంగతే చెబుతాను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో మా ఇంటి పైకప్పు లేచిపోయింది, పెరటిలోని కొబ్బరిచెట్లు విరిగిపోయాయి. కప్పు వేయించుకోవడానికి మా అబ్బాజాన్ ఒక తోట యజమాని దగ్గర 12,000 రూపాయలు చేబదులు తీసుకున్నారు. మూడేళ్ల తరువాత అబ్బాజాన్ మరణించారు. ఆ అప్పు సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఆస్తి పంచుకున్నాము, ఫాతిహాలు చదివాము, ఆయన మగ్‌ఫిరత్ కోసం దుఆలు చేశాము. 2007లో పాత బీరువా ఖాళీ చేస్తుండగా, ఒక పాత క్యాలెండరు మడతలో, కరెంటు రసీదుల మధ్య ఆయన చేతివ్రాతతో ఆ పత్రం కనిపించింది. దానిపై 4,000 చెల్లించినట్టు ఒక జమ ఉంది. మిగిలినది అలాగే ఉంది.

నేను అక్కడే నేలపై కూలబడ్డాను. అప్పు మిగిల్చి మరణించిన వ్యక్తి జనాజా వచ్చినప్పుడు దైవప్రవక్త (స) నమాజు చేయించడానికి వెనుకాడటం, ఆ అప్పు నేను తీరుస్తానని హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీ పడిన తరువాతనే చేయించడం ఎన్నిసార్లో పిల్లలకు బోధించాను. సూరా అన్నిసాలోని వారసత్వ ఆయతులు వాటాలను చెబుతూ, వసీయతు, అప్పు తీరిన తరువాతనే అని పదే పదే గుర్తు చేస్తాయి. ఎనిమిదేళ్లు మేము ఆ వాటాలను అనుభవించాము. మరునాడే ఆ తోట యజమాని ఇంటికి వెళ్లాను. ఆయనా కాలం చేశారు. వారి అబ్బాయి పత్రం చూసి, "మా నాన్నగారు ఎప్పుడూ చెప్పలేదండి సాయిబు గారూ, మీరు ఇవ్వకపోయినా మాకు తెలిసేది కాదు, ఆయ్" అన్నారు. డబ్బు తీసుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. తీసుకోమని నేనే ప్రాధేయపడవలసి వచ్చింది. మా అబ్బాజాన్ వ్రాసి పెట్టారు, తన బాధ్యత తాను చేశారు. ఆ కాగితానికి ఒక చోటు చూపకపోవడం మా ఇంటి లోపం.

ఇక ఆ చోటు సంగతి. మనకు అది కొత్తది కాదు. మన ఇళ్లలో ఆడపిల్లకు సూది పట్టడం వచ్చిన వెంటనే చేతికి ఇచ్చే మొదటి పని జుజ్దాన్ కుట్టడమే. నేడు ఫైలు అంటున్న దానికి తెలుగులో దస్త్రం అని పేరు. అంటే గుడ్డలో చుట్టి కట్టిన కాగితాల కట్ట. దస్తావేజు, రసీదు, జామీను, వారసు అనే మాటలు ఫారసీ, అరబీల నుండి తెలుగులోకి వచ్చి కచేరీలలో స్థిరపడ్డాయి. మాటలు నిలిచాయి గాని గుడ్డ పోయి ప్లాస్టిక్ వచ్చింది. ప్లాస్టిక్ కవరులో మూసిన కాగితానికి మన తేమలో చెమట పడుతుంది, సిరా అంటుకుంటుంది. నూలు గుడ్డ గాలి పీల్చుకుంటుంది.

మా ఇంట్లో మా బేగం కుట్టిన సంచి కొలతలు చెబుతాను, కావలసిన వారు మార్చుకోవచ్చు. పాత నూలు దుప్పటి గాని, చిరుగు పట్టిన నేతచీర గాని తీసుకోవాలి. అమలాపురం పక్కన బండారులంక నేతచీరలు కట్టే ఇళ్లలో ఇటువంటి గుడ్డకు కొదవ ఉండదు. ముందుగా ఉతికి గంజి పూర్తిగా వదిలించాలి. గంజి ఉన్న గుడ్డకు పురుగు పడుతుంది. వెనుక గుడ్డ 24 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు ఉండి రెండు పొరలుగా ఉంటే మంచిది. దానిపై అడ్డంగా మూడు వరుసల అరలు కుట్టాలి. మామూలు కాగితం 12 అంగుళాలకు కొంచెం తక్కువ కనుక పై రెండు వరుసలకు 13 అంగుళాల లోతు చాలు. దస్తావేజుల కాగితం అంతకంటె పొడవు కాబట్టి అడుగు వరుసకు 15 అంగుళాలు ఉంచాలి. ప్రతి వరుసకు మధ్యలో ఒక అంగుళం ఎడంతో రెండు నిలువు కుట్లు వేస్తే రెండేసి అరలు వస్తాయి. వరుసకు వరుసకు నడుమ కూడా ఒక అంగుళం వదలాలి. ఆ వదిలిన చోటే సంచి మడత పడుతుంది, కాగితం మడత పడదు. అరల నోటిపై నాలుగు అంగుళాల గుడ్డ రేకు వ్రేలాడాలి. బిగించడానికి ఇనుప బొత్తాలు వద్దు, మన ఉప్పుగాలికి తుప్పు పట్టి గుడ్డను తినేస్తాయి. నాడాలు కుట్టండి. చేతితో కుట్టేవారు ప్రతి కుట్టునూ సగం వెనుకకు తీసి వేస్తే బరువు ఆగుతుంది. పైన మూడు అంగుళాలు మడిచి కుట్టి, అందులో వెదురు కర్ర దూర్చి మేకుకు తగిలించాలి. మడిచి నాడా కడితే చంకలో పెట్టుకునేంత కట్ట అవుతుంది. వరద హెచ్చరిక వచ్చిన రోజున ఆ కట్టను ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించాలి. ప్లాస్టిక్‌కు పని ఆ ఒక్కరోజే.

మేకు విషయంలో ఒక మాట. జుజ్దాన్ మేకు పైన, ఈ సంచి మేకు కింద ఉండనివ్వండి.

అక్షరం రాని పెద్దలు ఉన్న ఇళ్లలో అరలపై గుర్తులు కుట్టాలి. భూమికి కొబ్బరిచెట్టు, వైద్యానికి సీసా, బ్యాంకుకు గుండ్రని నాణెం. ప్రాణుల బొమ్మలు వద్దు. బొమ్మలున్న తెరను హజ్రత్ ఆయిషా (రజి) కత్తిరించి దిండ్లుగా మార్చిన సంగతి మీకు తెలిసినదే. పాత గుడ్డను పనికి తెచ్చుకోవడంలోనూ ఆ ఇల్లు మనకు ఆదర్శం. హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తన చేతిపనితో సంపాదించినది దానం చేసేవారు. కనుక సూదిపనిని తక్కువగా చూసే మగవారు కొంచెం ఆలోచించాలి.

ఏ అరలో ఏది ఉండాలో ప్రతి ఇల్లూ తానే నిర్ణయించుకుంటుంది. కాని ఒక అర అప్పులకు, అమానతులకు, వసీయతుకు మాత్రమే ఉండాలని నా గట్టి అభిప్రాయం. వసీయతు చేయవలసినది ఉన్న ముస్లిం అది వ్రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధ విన్నది మొదలు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒక్క రాత్రి కూడా వసీయతు లేకుండా గడపలేదు. ఏటీఎం చీటీలు, దుకాణం రసీదులు వేడికి మాసిపోయే కాగితాలు. ముఖ్యమైన వాటికి వెంటనే జిరాక్సు తీయించి ఆ నకలునే దాచాలి. అసలు దస్తావేజులను లామినేషను చేయించవద్దు, ఒకసారి అతికినది మళ్లీ ఊడదు.

మిగిలినది మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు. బిస్మిల్లాహ్ అచ్చువేసిన శుభలేఖలు, ఆయతులున్న క్యాలెండర్లు, పాత ఉర్దూ పత్రికలు. పారవేయలేము, దాచనూ లేము. సగం బీరువా వాటికే పోతుంది. మా అబ్బాజాన్ పత్రం ఎనిమిదేళ్లు దాగినది కూడా అటువంటి గుట్టలోనే. వీటికి వేరుగా ఒక గుడ్డసంచి పెట్టి, నిండిన తరువాత శుభ్రమైన గుడ్డలో చుట్టి, మనుషులు తొక్కని చోట, ఖబ్రస్తాన్ మూలనో పెరటిలోనో పాతిపెట్టడం మన హనఫీ ఉలమా మెచ్చిన పద్ధతి. చాలామంది కాలువలో వదులుతారు. మన కాలువలలో అవి మునగవు, లాకుల దగ్గర చెత్తతో కలిసి తేలుతాయి. గౌరవం కోసం చేసినది అగౌరవమవుతుంది.

సంచి ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకు చరిత్రలో ఒక జవాబు ఉంది. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) తోలు ముక్కల నుండి, ఖర్జూరపు మట్టల నుండి, హాఫిజుల హృదయాల నుండి సేకరించి కూర్చిన ఖుర్ఆన్ ప్రతులు హజ్రత్ అబూబక్ర్ (రజి) వద్ద, తరువాత హజ్రత్ ఉమర్ (రజి) వద్ద ఉండి, ఆ పిమ్మట హజ్రత్ హఫ్సా (రజి) ఇంటికి చేరాయి. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులు వ్రాయించడానికి వాటిని ఆమె వద్ద నుండి తెప్పించుకుని, పని పూర్తయ్యాక తిరిగి ఆమెకే పంపారు. ఉమ్మత్‌కు అత్యంత విలువైన పత్రాలను ఒక స్త్రీ భద్రపరిచింది. మనమేమో గల్ఫ్‌కు విమానం ఎక్కుతూ బీరువా తాళం తమ్మునికి ఇచ్చి వెళతాము. ఇంట్లో ఏ కాగితం ఉందో భార్యకు తెలియదు. కష్టం వచ్చిన రోజున కార్యాలయాల ముందు నిలబడేది మాత్రం ఆమే.

ఆ లంక గ్రామపు తల్లి ఇంటికి గత నెలలో వెళ్లాను. జుజ్దాన్ పాత మేకుకే ఉంది. దాని కింద ఆకుపచ్చ దుప్పటితో కుట్టిన ఆరు అరల సంచి. మా విద్యార్థి కుర్చీ ఎక్కకుండానే దానిని తీసి, నానీ పింఛను పుస్తకం ఎక్కడుందో, అబ్బూ పంపిన డబ్బు రసీదులు ఎక్కడున్నాయో నాకు చూపించాడు. అప్పుల అరలో ఒకే ఒక చీటీ ఉంది. కిరాణా దుకాణానికి 340 రూపాయలు. వాళ్ల అమ్మీ వంటింట్లో నుండి, "శుక్రవారం ఇచ్చేస్తాం మౌల్వీ సాబ్" అంది.