పంజరం తలుపు తెరిచే ముందు

పండుగనాడు పెద్దలిచ్చిన ఈదీ సొమ్ము చేతిలో పడగానే పిల్లల మనసు పిట్టల మీదికి పోవడం మన ఇళ్ళలో కొత్త విషయం కాదు. హైదరాబాదులోని ముర్గీచౌక్ మొదలుకొని చిన్న పట్టణాల సంతల వరకు ఎక్కడ చూసినా పచ్చని, నీలిరంగు పిట్టల జంటలు పంజరాల్లో కిలకిలలాడుతూ కనిపిస్తాయి. మనవారు వాటిని లవ్‌బర్డ్స్ అని పిలుస్తున్నా, వాటిలో అధికభాగం ఆస్ట్రేలియా మైదానాలకు చెందిన బడ్జెరిగార్లు. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వాటిని సజీవంగా ఇంగ్లండుకు తీసుకువచ్చిన తరువాత అవి ప్రపంచమంతటా ఇళ్ళలోకి వ్యాపించాయి. ఒక్కొక్క పిట్ట బరువు సుమారు 30 నుంచి 40 గ్రాములు. అంటే కోడిగుడ్డంత బరువైనా ఉండదు.

ముందుగా ఒక మాట చెప్పవలసి ఉంది. మన తోటల్లో తిరిగే రామచిలుకను పట్టడం, అమ్మడం, కొని పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అడవి పక్షిని గూటి నుంచి ఎత్తుకు వచ్చి అమ్మేవారిని ప్రోత్సహించకపోవడం మన బాధ్యత. కనుక ఈ వ్యాసంలో మేము ప్రస్తావించేది తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్న బడ్జెరిగార్, కాక్‌టీల్ వంటి పక్షులను గురించి మాత్రమే.

రెక్కలున్న ప్రాణికి ఎగరడం విలాసం కాదు, అవసరం. రాత్రింబవళ్ళు మూరెడు పంజరంలో కూర్చున్న పిట్ట కొవ్వెక్కి, మందకొడిగా మారి, క్రమంగా జబ్బు పడుతుంది. అందుచేత రోజూ కొంతసేపు పంజరం తలుపు తెరిచి గదిలో ఎగరనివ్వడం మంచి పద్ధతే. అయితే మన ఇల్లు మనుషుల కోసం కట్టుకున్నది. మనకు సౌకర్యంగా ఉన్న వస్తువులే పిట్టకు ప్రాణాంతకాలు కావచ్చు. ఎగరనివ్వడం దయ అయితే, అంతకు ముందే ఇంటిని సిద్ధం చేయడం బాధ్యత. రెండవది లేనిదే మొదటిది దయ అనిపించుకోదు.

అనస్ (రజి) గారికి తల్లి వైపు తమ్ముడైన అబూ ఉమైర్ అనే పసివాడు ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. ఆ పిట్ట చనిపోయి బాలుడు దిగులుగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) అతన్ని పేరుపెట్టి పలకరించి, పిట్ట సంగతి ఆప్యాయంగా అడిగారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఇబ్నుల్ ఖాస్ అనే షాఫయీ విద్వాంసుడు ఈ ఒక్క హదీసు నుంచే అరవై ప్రయోజనాలను వివరిస్తూ ప్రత్యేకంగా గ్రంథం రచించారు. హింసించకుండా చూసుకునేటట్లయితే పిట్టను పెంచుకోవచ్చునని పండితులు దీని ఆధారంగానే చెప్పారు. పిల్లవాడి పిట్ట చనిపోవడం చిన్న విషయమని తోసిపుచ్చరాదని కూడా ఇందులో మనకు బోధపడుతుంది. మరోవైపు, పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ ఉదంతం మనకు తెలిసినదే. ఒక ప్రాణిని మన గుప్పిట్లో పెట్టుకున్నామంటే దాని క్షేమానికి మనమే జవాబుదారులం.

మన ఇళ్ళలో పిట్టకు మొదటి శత్రువు పైకప్పు ఫ్యాను. తిరుగుతున్న రెక్కలు దానికి సరిగా కనిపించవు. ఫ్యాను ఆగి ఉంటే సరిపోతుందని అనుకోవడమూ పొరపాటే. కరెంటు పోయిన సమయంలో స్విచ్చి వేసే ఉంటుంది. ఎత్తైన చోటు వెతుక్కునే పిట్ట పోయి ఫ్యాను రెక్క మీద వాలుతుంది. అంతలో కరెంటు వస్తుంది. కనుక తలుపు తెరిచే ముందు స్విచ్చి కట్టివేయాలి. దానిపై ఒక కాగితం అంటించి ఉంచితే, బయటి నుంచి చెమటతో వచ్చినవారు అలవాటుగా నొక్కకుండా ఆగుతారు. వేసవిలో ఫ్యాను లేకుండా కూర్చోవడం కష్టమే. అందుచేత ఫజ్ర్ నమాజు అనంతరం తెల్లవారి వెలుగు వచ్చిన తరువాత, ఎండ ముదరకముందు ఉండే చల్లని సమయం ఇందుకు అనుకూలం.

అయితే పాలు, పేపరు వచ్చేదీ ఆ వేళకే. వీధి తలుపుకు గడియ పెట్టి, ఎవరు పిలిచినా ముందు పిట్ట ఎక్కడ ఉన్నదో చూసి తెరవాలి. జాలీ లేని కిటికీలు మూయాలి. మూసిన కిటికీ గాజు పిట్టకు కనిపించదు. ఖాళీ ఆకాశమనుకొని వేగంగా వెళ్ళి కొట్టుకుంటుంది. పరదా వేయడం, నిలువుటద్దం మీద దుప్పటి కప్పడం తేలికైన ఉపాయాలు. తలుపు రెక్క పైఅంచు పిట్టలకు ఇష్టమైన చోటు. చూడకుండా తలుపు వేస్తే కాళ్ళు నలిగిపోతాయి. నేల మీద పరుపులు, దిండ్లు వేసుకొని కూర్చునే ఇళ్ళలో మరో ప్రమాదం ఉంది. పిట్ట నడుచుకుంటూ దిండు చాటుకు చేరుతుంది. కూర్చునే ముందు దిండు ఎత్తి చూడడం అలవాటు చేసుకోవాలి. బీరువా వెనుక సందును గుడ్డతో మూయాలి. ఫోను చార్జరు తీగలను తీసివేయాలి. పిల్లి ఉన్న ఇంట్లో ఆ సమయంలో పిల్లి వేరే గదిలో ఉండాలి.

ఎగిరే గదికి, వంటగదికి మధ్య తలుపు తప్పనిసరిగా మూసి ఉండాలి. మరుగుతున్న గంజి, మూత తీసిన దేగిసా, వెలుగుతున్న పొయ్యి, వీటిలో దేనిమీద వాలినా బతకదు. స్నానాల గదిలో నిండుగా ఉన్న బకెట్టు కూడా అటువంటిదే. తడిసిన రెక్కలతో పిట్ట పైకి లేవలేదు.

కంటికి కనిపించని ప్రమాదం గాలిలో ఉంది. పక్షి శరీరంలో ఊపిరితిత్తులకు తోడు గాలి సంచులుంటాయి. పీల్చిన గాలి నుంచి ప్రాణవాయువును అది మనకంటే సమర్థంగా గ్రహిస్తుంది. ఆ కారణంగానే విషవాయువు కూడా దానికి త్వరగా ఎక్కుతుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 వరకు కెనరీ పిట్టలను వెంట ఉంచుకున్నది ఈ గుణాన్ని బట్టే. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పొయ్యి మీద మరచిపోతే దాని పూత విపరీతంగా వేడెక్కి వాయువును వెలువరిస్తుంది. మనం గమనించేలోపే పక్కగదిలోని పిట్ట చనిపోవచ్చు. పిట్ట ఉన్న ఇంట్లో ఇనుప పెనమే మేలు. శుక్రవారం నాడు, రమజాను రాత్రుల్లో వేసే ఊదు, లోబాన్ పొగ మనకు ప్రీతికరమే. కాని పిట్ట ఉన్న గదిలో వద్దు. దోమల చుట్టలు, సువాసన స్ప్రేలకూ ఇదే నియమం.

తిరిగి పంజరంలోకి రప్పించడానికి తువాలు విసిరి తరమరాదు. బెదిరిన పిట్ట గోడలకు కొట్టుకుంటుంది. మేతకు ముందు ఎగరనిచ్చి, తరువాత కొర్రల గిన్నెను పంజరంలో పెడితే తానే వస్తుంది. చీకటి పడేలోగా లోపలికి చేర్చడం అవసరం.

ఇంత జాగ్రత్త తరువాత కూడా పిట్ట దేనికైనా తగిలి కింద పడితే, నోట్లో నీళ్ళు పోయరాదు. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరిచి, చీకటిగా, వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంచి పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. బయటికి ఎగిరిపోతే పంజరాన్ని మేతతో సహా మిద్దె మీద కనిపించేలా ఉంచాలి. జత పిట్ట ఉంటే పంజరంలోనే ఉంచి, కాకులు, పిల్లులు దరిచేరకుండా దగ్గరే కాపలా ఉండాలి. జత పిట్ట పిలుపు దూరం నుంచి కూడా వినిపిస్తుంది.

చివరగా తల్లిదండ్రులకు మేము చెప్పదలచినది ఒకటుంది. పిట్ట పిల్లలదే అయినా కాపలా పెద్దలదే. ఆరేడేళ్ళ పిల్లవాడు ఉక్కపోసి ఫ్యాను వేశాడనుకోండి. ఆ క్షణంలో జరిగినదాన్ని ఆ పసిమనసు ఎన్నో ఏళ్ళు మోస్తుంది. “నీవల్లే చనిపోయింది” అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ఆ స్విచ్చి దగ్గర నిలబడవలసినది మనం. పెద్దలలో ఒకరు రోజూ అరగంట వెచ్చించగలిగితే పిట్టను ఎగరనివ్వండి. కరెంటు, కిటికీ, వీధి తలుపు, వంటగది ఈ నాలుగింటినీ ఆ ఒక్కరే చూసుకోవాలి. పిల్లలు పక్కన నిలబడి తామూ ఒక్కొక్కటి లెక్కపెట్టి చెప్పడం నేర్చుకుంటారు. ఆ అరగంట కుదరని ఇంట్లో పిట్టను కొనకపోవడమే దానిపై చూపే దయ. మిద్దె మీద మూకుడులో నీళ్ళు, పిడికెడు గింజలు ఉంచితే పిచుకలు తామే వస్తాయి. ఆకాశమంతా వాటిదే కనుక వాటి కోసం ఏ తలుపూ మూయనక్కరలేదు.