ఆనవాయితీ చాటున అన్యాయము

2025 ఫిబ్రవరిలో మైసూరు ప్రాంగణమునుండి 300 మందికి పైగా శిక్షణార్థులను పంపివేసిన ఇన్ఫోసిస్ సంస్థ, తన చర్యకు మూడు సమర్థనలు చెప్పుకొన్నది: పరీక్షకు మూడు అవకాశములిచ్చితిమని, ఉత్తీర్ణులు కానివారు కొనసాగజాలరని ఒప్పందములోనే యున్నదని, ఇది రెండు దశాబ్దములకు మించి నడచుచున్న పద్ధతియని. శిక్షణకు సొమ్ము వెచ్చించు సంస్థకు పరీక్షించు అధికారము లేదని మేమనము. కాని మూడవ మాట నిజాయితీ గలది కాదు. దానిని అంగీకరించినచో ఈ పిల్లలకు అన్యాయమే జరుగలేదని ఒప్పుకొనవలసి వచ్చును.

పరీక్ష పాతదే కావచ్చును. పరీక్షకు ముందు గడచిన నిరీక్షణ పాతది కాదు. చివరి సంవత్సరములో ఎంపికయైన విద్యార్థిని, పట్టా చేతికందిన కొద్ది నెలలకే, చదివినది మనస్సులో పచ్చిగా నుండగనే, శిక్షణకు పిలుచుకొనుట పూర్వపు రీతి. ఇట్లు వెడలగొట్టబడినవారిలో పెక్కురు 2022లో ఇంజనీరింగు ముగించి, అప్పుడే ఆఫర్ లెటరు పుచ్చుకొని, చేరవలసిన తేదీ ఎప్పుడు వచ్చునో తెలియక 2024 ద్వితీయార్ధము వరకు కాచుకొని కూర్చున్నవారు. ఆ కాలములో వారు స్వేచ్ఛగా మరొక ఉద్యోగము వెదకుకొన వచ్చును గదాయని అనువారు, ఇతర సంస్థల ప్రకటనలను ఒక్కసారి చదువవలెను. అడుగడుగున ఆ యేటి పాసవుట్లే దరఖాస్తు చేయవలెనను నిబంధన కనబడును. నిరుటివాడు ఫ్రెషరు కాడు, అనుభవము గలవాడును కాడు. విద్యా ఋణము తీసికొన్నవానికి చదువు ముగిసిన ఏడాది తరువాత సాధారణముగా కిస్తులు మొదలగును. కావున జీతము మొదలు కాకమునుపే బ్యాంకు నుండి తాఖీదు వచ్చి చేరును. తండ్రి, ఆఫర్ లెటరు జిరాక్సు పట్టుకొని మేనేజరు గది ముందు నిలువవలసి వచ్చును.

ఇట్లు రెండేండ్లకు పైగా వాకిట నిలిపి, ఆపైన లోనికి పిలిచి, కొన్ని నెలలలోనే ప్రమాణమునకు తగరని తీర్పు చెప్పి, ఇది మా చిరకాలపు పద్ధతియని పలుకుట, గడియారమును తామే ఆపివైచి ఆలస్యమునకు బాటసారిని దండించుటవంటిది. వారిని ఎంపిక చేసినది తామే. వారి అర్హతను పరీక్షించి పత్రమిచ్చినదియు తామే. ఆ అర్హతకు తుప్పు పట్టుటకు కారణమైన జాప్యమును తెచ్చిపెట్టినదియు తామే. పరీక్షను మునుపటికంటె కఠినము చేసిరను శిక్షణార్థుల ఆరోపణను పక్కన పెట్టినను, ఈ మూడు సంగతులు చెక్కుచెదరవు. చేరిక తేదీని తన ఇచ్చవచ్చినట్లు జరుపుటకు సంస్థకు వీలు కల్పించి, నిరీక్షించినవానికి ఒక్క నెల భృతియైన చూపని ఒప్పందము సంస్థకే ఒప్పందము గాని రెండవ పక్షమునకు కాదు. తొలగించిన నాటి సాయంకాలమే ప్రాంగణము విడువుడని ఆజ్ఞాపింపగా, ఆ రాత్రికి మాత్రము ఉండనిమ్మని ఒక యువతి బ్రతిమాలుకొన్నదను వార్తను చదివిన తల్లిదండ్రులెవరును, ఇది నాణ్యత కొరకు జరిగినదని నమ్మజాలరు.

శిక్షణార్థులు ఉద్యోగులు కారు గనుక కార్మిక చట్టములు వర్తింపవను వాదమును వినబడుచున్నది. అదిగాక, ఉద్యోగి పని నిబంధనలను ముందుగా ప్రకటింపవలెనని నిర్దేశించిన 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టమునుండి సమాచార సాంకేతిక సంస్థలకు కర్ణాటక ప్రభుత్వము చిరకాలముగా మినహాయింపునిచ్చుచు, 2024లో దానిని మరి 5 సంవత్సరములు పొడిగించినది. దిక్కులేని దశలో పిల్లలుండుటకు ఈ నిర్ణయమును కారణమే. అట్టి మినహాయింపును ఆ ప్రభుత్వము ఇకమీదట ఏ రూపమునను ఈయరాదు. ఆఫర్ లెటరులో చేరిక తేదీ తప్పనిసరి కావలెను; మూడు నెలలు మించిన జాప్యమునకు భృతి చెల్లింపవలెను.

ఈ దోషములో కళాశాలలకును పాలున్నది. మన రెండు తెలుగు రాష్ట్రములందును కళాశాలలు, ప్రవేశముల వేళ, ప్లేస్‌మెంట్ల సంఖ్యను బస్సుల వెనుకను హోర్డింగులమీదను ఘనముగా చాటుకొనుచున్నవి. అందులో లెక్కకు వచ్చునవి చేతికందిన పత్రములే గాని చేరిన ఉద్యోగములు కావు. చేరి, మొదటి జీతము అందుకొన్న విద్యార్థినే ప్లేస్‌మెంటుగా లెక్కింపవలెనని విశ్వవిద్యాలయములు రానున్న ప్రవేశములకు ముందే ఉత్తరువు జారీ చేయవలెను. ఇందుకు కొత్త చట్టము అక్కరలేదు, ఒక్క సర్క్యులరు చాలును.