బడితోటలో నీటిగోడ: అద్దమా, బండా?

మీ బడిలో చదివి వెళ్లిన పెద్దమనిషి ఒకాయన వచ్చి, "తోటలో నీటిగోడ పెట్టిస్తాను" అన్నాడనుకోండి. ఏమంటారు? ఎగిరి గంతేస్తారు. ఒకప్పుడు నేనూ గంతేసినవాణ్ణే. ఇప్పుడైతే ఆయన్ని కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడుగుతాను.

నీటిగోడ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. నిలబెట్టిన అద్దమో, రాతిబండో ఉంటుంది. దాని పైఅంచు మీదుగా నీరు పల్చని పొరలా జారి కిందితొట్టిలో పడుతుంది. తొట్టిలోని చిన్న పంపు ఆ నీటినే మళ్లీ పైకి పంపుతుంది. పెద్ద హోటళ్ల ముందు మీరు చూసే ఉంటారు.

2016లో నేను పనిచేస్తున్న బడిలో అద్దపు నీటిగోడ ఒకటి వెలిసింది. ప్రారంభం నాడు అందరం చప్పట్లు కొట్టాం. పదిరోజులు తిరక్కుండానే నీరు పొరలా జారడం మానేసి నాలుగైదు పాయలుగా చీలిపోయింది. పాయల మధ్య అద్దం పొడిగా మిగిలింది. అమర్చినవాళ్లు వచ్చి ఇంకా పెద్ద పంపు వేశారు. తుంపరలు వరండాదాకా వచ్చాయి గాని, పాయలు పాయలుగానే ఉన్నాయి!

తప్పు పంపుది కాదు. నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. శుభ్రమైన అద్దాన్ని కూడా అవి గట్టిగానే పట్టుకుంటాయి, అందుకే మొదట్లో నీరు చక్కగా పరుచుకుంది. దుమ్మూ చేతిజిడ్డూ అంటేసరికి ఆ పట్టు సడలింది. అప్పుడు తలతన్యతదే పైచేయి అయింది. నీరు తనలోకి తాను ముడుచుకుని పాయలు కట్టింది. గరుకు బండ మీద ఈ చిక్కు తక్కువ. సన్నని గుంటల్లో నీరు నిలిచి పక్కలకు పాకుతుంది. ఒకసారి తడిసిన చోటికి వెనక వచ్చే నీరు సులువుగా చేరుతుంది. అందుకే నా ఓటు బండకే. అద్దం అందంగా ఉండదని కాదు, దాన్ని రోజూ తుడిచే ఓపిక ఏ బడికీ ఉండదని.

ఈ సంగతి పూర్వులకు తెలియనిదేం కాదు. శ్రీనగర్‌లోని నిశాత్ బాగ్ వంటి మొగలు తోటల్లో 'చాదర్' అనే వాలుబండలు ఉన్నాయి. చాదర్ అంటే దుప్పటి. బండ నున్నగా ఉంటే నీరు కనిపించకుండా జారిపోతుంది. అందుకని దానిమీద గాట్లూ నగిషీలూ చెక్కారు. నీరు వాటికి తగిలి, నురుగై తెల్లగా మెరుస్తుంది. అక్కడ పంపు అక్కర్లేదు. కొండవాగు నీరు మెట్టుమెట్టుగా దిగి దాల్ సరస్సు వైపు పోతుంది. మనం మాత్రం ఎత్తిపోయాలి.

ఎంత శక్తి కావాలో లెక్క కట్టండి. రెండు మీటర్ల గోడ, నిమిషానికి 30 లీటర్లు అనుకుందాం. అంటే సెకనుకు అర కిలో. 0.5 × 9.8 × 2 = 9.8 వాట్లు. చిన్న పంపులు తీసుకున్న కరెంటులో చాలా భాగం వృథా చేస్తాయి కాబట్టి 50 వాట్లది కొందాం. రోజుకు ఎనిమిది గంటలు తిరిగితే 0.4 యూనిట్లు. దీనికి భయపడనక్కర్లేదు.

ఏ బండ? మనకు చవగ్గా దొరికేవి కడప బండ, తాండూరు బండ. రెండూ సున్నపురాళ్లే. బోరునీటిలో కాఠిన్యం ఎక్కువైతే గోడ మీద తెల్లని పెచ్చు కడుతుంది. అదీ కాల్షియం కార్బొనేటే, బండలో ఉన్నదీ ప్రధానంగా అదే. పెచ్చు పోగొట్టడానికి యాసిడ్ పోస్తే బండను కూడా తినేస్తుంది. కాబట్టి నీరు ఉప్పగా ఉండే ఊళ్లలో పాలిష్ పట్టని గ్రానైటు మేలు. పైఅంచు మట్టంగా ఉందో లేదో తాపీమేస్త్రి రసమట్టం పెట్టి చూస్తాడు. మీరూ పక్కన నిలబడి చూడండి. వెంట్రుకవాసి వాలు ఉన్నా నీరంతా ఒక పక్కకే పోతుంది.

"తోట చల్లబడుతుంది కదా" అంటారు. పది లీటర్లు ఆవిరైతే సుమారు 24,300 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటాయి, నిజమే. కాని ఆరుబయట ఆ చల్లదనాన్ని గాలి ఎత్తుకుపోతుంది. పైగా విశాఖ వంటి తేమ ఊళ్లో నీరు అంతగా ఆవిరి కాదు. అనంతపురం ఎండలో బాగా ఆవిరవుతుంది, కాని అక్కడ నీరే కరువు! తాగునీరు ట్యాంకరుతో తెచ్చుకునే బడి ముందు వాననీటి తొట్టి కట్టుకోవాలి. నీటిగోడ తర్వాతి మాట. ఇక సెలవుల్లో పంపు ఆపితే తొట్టి దోమలకు పుట్టిల్లు. వారం పదిరోజుల్లో గుడ్డు దోమై ఎగురుతుంది. ఆపిన రోజే తొట్టినీళ్లు మొక్కలకు పోసెయ్యాలి.

అసలు సంగతి చివరికి ఉంచాను. ఆ అద్దపు గోడ తొట్టిలో చేయి పెట్టిన ఏడో తరగతి పిల్లవాడు "జివ్వుమంటోంది మాస్టారూ" అన్నాడు. చల్లదనం కాబోలనుకుని మేం నవ్వాం. తర్వాత చూస్తే పంపు తీగకున్న తొడుగు చిట్లి ఉంది. వాడి కాళ్లకు పొడిగా రబ్బరు చెప్పులున్నాయి కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు. నీళ్ల దగ్గర 12 వోల్టుల పంపే ఉండాలి. దాని ట్రాన్స్‌ఫార్మరు నీటికి దూరంగా పొడిచోట ఉండాలి. 230 వోల్టుల లైనుకు 30 మిల్లీ ఆంపియర్లు కారినా కరెంటు తెంచేసే ఆర్.సి.సి.బి. పెట్టాలి. ఈ రెండూ లేని నీటిగోడ ఎంత గొప్ప దాత ఇచ్చినా వద్దనే అంటాను, మీరూ అనండి.

ఇవన్నీ కుదిరితే రాళ్లకొట్టుకు మీరే వెళ్లండి. మూడు రకాల ముక్కలు తెచ్చి గోడకు ఆనించి, ఒక్కొక్కదాని మీద చెంబుతో నీళ్లు సన్నగా పోయండి. ఏది అంచునుంచి అంచుదాకా తడుస్తుందో దాన్నే ఎంచండి. మర్నాడు ఆరిన ముక్కను మళ్లీ ఒకసారి తడిపి చూడండి.