హిస్పానిక్ విద్యార్థుల ఉన్నత విద్య: నిలిచిన నిధులు, మిగిలిన ప్రశ్న

జాతి ప్రాతిపదికన వెనుకబాటును కొలవడం న్యాయమా, కాదా అన్న పాత వివాదం అమెరికాలో ఈసారి స్నాతకోత్తర విద్యను తాకింది. మైనారిటీ విద్యార్థులు గణనీయంగా చదివే సంస్థలకిచ్చే సుమారు 35 కోట్ల డాలర్ల గ్రాంట్లను నిలిపివేస్తున్నట్లు 2025 సెప్టెంబరులో అక్కడి విద్యాశాఖ ప్రకటించింది. హిస్పానిక్ అమెరికన్ల స్నాతకోత్తర విద్యావకాశాల విస్తరణకు 2008 చట్టం ద్వారా ఏర్పడిన పథకం కూడా ఆ జాబితాలో ఉంది.

పూర్తికాల లెక్కన డిగ్రీ విద్యార్థుల్లో కనీసం 25 శాతం హిస్పానిక్‌లు ఉన్న సంస్థలే దీనికి అర్హమైనవి. ఈ పరిమితి రాజ్యాంగ విరుద్ధమైన కోటా అన్నది ప్రభుత్వ వాదన. టెన్నెసీ రాష్ట్రం అదే అభ్యంతరంతో 2025 జూన్‌లో కోర్టుకెక్కగా, ఆ నిబంధనను సమర్థించబోమని న్యాయశాఖ ప్రకటించింది.

అయితే 25 శాతం షరతు సంస్థకే గాని విద్యార్థికి కాదు. గ్రాంటుతో సమకూరే ప్రయోగశాల, గ్రంథాలయం, కొత్త కోర్సులు అక్కడ చదివే అందరివీ. పేద విద్యార్థుల ఫెలోషిప్పులకూ ఈ నిధులు వాడవచ్చు. పైగా పేద విద్యార్థుల సంఖ్య, సంస్థ ఖర్చు చేసే స్తోమత కూడా చట్టంలో అర్హతా ప్రమాణాలే.

శాతం చెల్లదని తేలినా పేదరికం కొలమానంగా సాయం కొనసాగించే దారి చట్టసభకు ఉంది. డిగ్రీతో చదువు ఆగిపోయే తొలితరం విద్యార్థికి కావలసింది ఆ నిర్ణయమే.