సారా తప్పయితే వైన్ ఒప్పెలా అవుతుంది?

పెద్ద కొలువుల్లో ఉన్న మన ఉపాసకుల్లో కొందరి నోట ఈమధ్య ఒక వాదన వినిపిస్తోంది. ఖరీదైన రెస్టారెంట్లలో 'టేస్టింగ్ మెనూ' అని ఉంటుంది. చెఫ్ ఎంచిన ఏడెనిమిది వంటకాలు కొద్దికొద్దిగా, వరసగా వడ్డిస్తారు. ఒక్కో వంటకానికి నప్పే వైన్ ఒక్కో గ్లాసులో పోస్తారు. దాన్ని 'పెయిరింగ్' అంటారు. "ఇది తాగడం కాదు, రుచి చూడడం. శీలానికి భంగం లేదు" అన్నది వీరి మాట.

ముందు లెక్క చూద్దాం. గ్లాసుకు 75 మిల్లీలీటర్లు అనుకున్నా ఎనిమిది గ్లాసులకు 600. మామూలు వైన్ సీసాలో ఉండేది 750. అంటే సీసాలో అయిదింట నాలుగు వంతులు ఒక్కరి కడుపులోకే పోయాయి. ఇది రుచి చూడడమా?

ఇక శీలం సంగతి. అయిదో శీలం సురతో పాటు మేరయనూ వద్దంటుంది. పూలు, పండ్లు, తేనె, బెల్లం పులియబెట్టి చేసినది మేరయ అని వినయ పిటకం వివరిస్తుంది. ద్రాక్ష పండు కాదా? 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ మద్యం తాగనన్నది ఉంది. ఖరీదైన మద్యానికి మినహాయింపు అందులో లేదు.

ఇంకో వాదన ఉంది. "మన తాతలకు హోటల్ బయట విడి గ్లాసులో టీ పోశారు. ఈ బల్ల దగ్గర కూర్చోవడం మన ఆత్మగౌరవం." నిజమే, దర్జాగా కూర్చోండి. బుద్ధుడు పేదరికాన్ని పొగడలేదు. మంచి తిండి తినడం తప్పు కాదు. కానీ కూర్చునే హక్కు పోరాడి తెచ్చుకున్నది, వైన్ గ్లాసు ఎత్తితే వచ్చింది కాదు.

వైన్ లేకపోతే రుచి తెలియదంటారా? కొరియా భిక్షుణి జియాంగ్ క్వాన్ ఉల్లి, వెల్లుల్లి కూడా వేయకుండా వండుతుంది. 2017లో నెట్‌ఫ్లిక్స్ 'చెఫ్స్ టేబుల్'లో ఆమె వంటను లోకమంతా చూసింది. పేరుమోసిన చెఫ్‌లు ఆమె వంటకు తలవంచారు.

అసలు బాధ వేరే ఉంది. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వాళ్లు చదువుకున్నవాళ్లు కారు, కూలి డబ్బు ఎటు పోతోందో తెలిసినవాళ్లు. ఈనాటికీ మనం పేటకు వెళ్లి, కూలి చేసుకునే తమ్ముడికి "తాగకురా" అని పంచశీల చెప్పి వస్తాం. వాడు తాగితే వ్యసనం, మనం తాగితే అభిరుచా? పేదవాడికో శీలం, ఉద్యోగికో శీలం పెడితే అది ధమ్మం కాదు. మనం వదిలొచ్చిన వర్ణధర్మమే.

అలాంటి చోటికి వెళితే ముందే చెప్పండి: "వైన్ వద్దు." చాలాచోట్ల బదులుగా పండ్ల రసాలో, టీలో ఇస్తారు. లేదంటే మంచినీళ్లున్నాయి. మహాడ్‌లో మనం పోరాడింది ఆ నీళ్ల కోసమే.

జై భీమ్.