తాళంచెవి లేని పెట్టె

జపాన్‌లో హకోనె కొండప్రాంతంలో 'హిమిత్సు బాకో' అనే రహస్యపు పెట్టెలు చేస్తారు. రంగు వెయ్యరు. రకరకాల కలపల సహజమైన రంగులే అతికించి ముగ్గులాంటి నగిషీ తెస్తారు. ఆ నగిషీపనిని 1984లో అక్కడి ప్రభుత్వం సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. పెట్టెకి తాళం ఉండదు. పక్క చెక్కల్ని వరస తప్పకుండా కొంచెం కొంచెం జరపాలి. కొన్ని 4 సార్లు జరిపితే తెరుచుకుంటాయి, కొన్నిటికి 100 సార్లు దాటాలి.

అమెరికాలో వీటిని సేకరించే కొందరు ఒక్కో పెట్టెకి నప్పే కాక్‌టెయిల్ కలుపుకుని, గుక్కగుక్కకీ ఆగుతూ తెరుస్తారట. "తాగడానికో వంక!" అని నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. నాకు అసూయ ఆ గ్లాసు మీద కాదు, ఆ తీరిక మీద. (కాఫీ అయినా చాలు లెండి, చల్లారకముందే తాగనిస్తే!) మగవాడు గ్లాసు పక్కన పెట్టుకు కూర్చుంటే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది, అది ఆయన వేళ అని. మనం కూర్చుంటే "ఖాళీగానే ఉన్నావుగా" అంటారు.

ఆడవాళ్ళ సరదా అంటే అల్లికో, కుట్టో, ఇంటికి పనికొచ్చేదై ఉండాలి. లోపల ఏమీ లేని పెట్టె తెరవడానికి గంటసేపు కూర్చుంటానంటే ఒప్పుకునే ఇళ్ళెన్ని? నేనైతే మా ఇంట్లో అడగదల్చుకున్నాను. పెట్టె తర్వాతైనా కొనుక్కోవచ్చు. ముందు ఆదివారం సాయంత్రం ఒక గంట.